కాటా మీద హోంగార్డు

తిరువూరులో ఒక మిర్చి వ్యాపారి హోంగార్డులకు కమాండరు కూడా. 1974లో బరువు పరీక్షను ఆయన తన కొట్లోనే, మిర్చి బస్తాలు కొనే కాటా మీద పెట్టాడు. వినగడప నుంచి వచ్చిన హోంగార్డు ఒకడు కాటా ఎక్కాడు.

"నలభై తొమ్మిది. కనీసం యాభై ఉండాలి. యూనిఫారం ఇచ్చేసి పో."

"ఆరేళ్లు డ్యూటీ చేశానండి. ఈ ఖాకీ వేసుకున్నాకే మా ఊళ్లో నన్ను అరుగు మీద కూర్చోనిస్తున్నారు."

"అరుగు మీద కూర్చుంటే బరువు పెరగదు. గాలొస్తే ఎగిరిపోయేవాడివి, దొంగనేం పట్టుకుంటావు?"

"నా చోటు మీ మేనల్లుడికి కదండీ."

"వాడు అరవై తూగాడు. నువ్వు దిగు."

"దిగుతానండి. నిరుడు సొసైటీ కాటా మీద నలభై రెండు తూగిన మా మిర్చి బస్తా దీని మీద నలభయ్యే తూగింది. ఆ రెండు కిలోలూ ఇప్పుడు నాకు కలపండి."

"నా కాటాకి వంక పెడతావా?"

"వంకెందుకండీ? ఆస్పత్రికెళ్లి తూకం చూసుకుందాం. అక్కడా నలభై తొమ్మిదే అయితే ఖాకీ విప్పి మీ చేతికిస్తాను. యాభై ఒకటి వచ్చిందంటే, గేటు దగ్గర బస్తాలతో నిలబడ్డ రైతులకి మీరే చెప్పుకోండి."

"మెల్లగా మాట్లాడు."

"రాయండి మరి."

"యాభై ఒకటి. రాశాను. ఇక నోరు మూసుకుని దిగు."

"రేపు మా బావ పది బస్తాలు తెస్తున్నాడండి. ఆయనకీ ఇట్టాగే రాయండి."