సున్నా సారు భుజం అడ్డం పెట్టిన బండి

"రేపు భద్రతా ఆడిట్ వాళ్ళొస్తున్నారని మొహాలు వేలాడేసుకున్నారేంట్రా? నేనున్నానుగా!"

విమానాశ్రయం సరుకుల గేటు ఎదురుగా ఉన్న టీ కొట్టులో, పొద్దుటి షిఫ్టు దిగినవాళ్ళ మధ్య కూర్చుని గొంతెత్తాడు సూపర్‌వైజరు. మూడేళ్ళుగా తన హయాంలో ప్రమాదాలు సున్నా అని కనబడ్డవాడికల్లా చెబుతాడు గనక, చాటున అందరూ ఆయన్ని సున్నా సారు అంటారు. చేతిలో ఓ కాగితం. విమానంలోకి సామాను ఎక్కించే బెల్టు బండి నాలుగు రోజుల కిందట ఓ లోడరు కాలిమీదికి ఎక్కింది. తప్పంతా ఆ లోడరుదేనని కాగితంలో రాసుంది. సాక్షుల సంతకాలు పడితే చాలు, అతని ఉద్యోగం ఊడుతుంది. అతని చెల్లెలూ బెల్టు బండే నడుపుతుంది. గోడకి ఆనుకుని నిలబడి ఉంది. టీ ముట్టలేదు.

"సంతకాలకేం తొందర, ముందు నా సంగతి వినండి. పోయిన నెల్లో ఓ పొద్దున విమానం పక్కన నిలబడ్డానా, చూద్దును గదా, బెల్టు బండి ఒకటి దానంతటదే జారుకుంటూ విమానం పొట్టకేసి పోతోంది! బ్రేకు తొక్కుతుంటే అది వింటేనా! ఇంకొకడైతే పరిగెత్తుకెళ్ళి 'అయ్యా, బండి జారింది' అని రిపోర్టు గిలికేవాడు. ఆ ఏడుపు కాగితాలంటేనే నాకు ఒళ్ళు మంట! నేనేం చేశాను? భుజం అడ్డం పెట్టాను. ఆగింది."

"మూడు టన్నుల బండి!" అన్నాడు ట్రాక్టరు మామ. విమానాల్ని వెనక్కి నెట్టే ట్రాక్టరు ఆయనదే.

"ఐదు! మధ్యలో రాకు మామా. ఆగితే ఊరుకుంటానా, కోపం కొద్దీ ఒక్క తోపు తోశాను. అది పోయి సామాను బళ్ళని గుద్దింది, అవన్నీ కలిసి విమానాన్ని గుద్దాయి, విమానం కదిలిపోయింది. లోపల మూడొందల మంది! ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"మీ టీ చల్లారింది," అంది కొట్టు అక్క.

"తోక పట్టుకున్నాను! ఎడంచేత్తో! కుడిచేతిలో ఫోను, ఆఫీసుకి చెబుతున్నాను, అంతా క్షేమం, సున్నా రాసుకోండి అని. తీరా చూస్తే పొట్టకి పళ్ళెమంత సొట్ట. లోపలికి దూరి ఒక్క ఊపిరి ఊదాను, టప్పున సర్దుకుంది. కాస్త గట్టిగా ఊదినట్టున్నాను, చక్రాలు జానెడు లేచాయి."

"అలా వదిలేస్తే ఎగిరిపోయేదేమో," అన్నాడు బల్ల చివరి లోడరు.

"నవ్వండి, నవ్వండి! ఆ రోజే ఆడిట్ వాళ్ళు తొమ్మిదిమంది దిగారు. నన్ను చూసి పుస్తకాలు మూసేశారు. 'లోకంలో విమానాశ్రయాలన్నీ తమ తప్పులు ఒకరికొకరు చెప్పుకుని ఏడుస్తున్నాయి, మీకు చెప్పుకోడానికి ఒక్కటీ లేదు కదా సార్' అని వాళ్ళ పెద్దాయన కళ్ళు తుడుచుకున్నాడు. ఇప్పుడు ముప్పైవేల అడుగుల ఎత్తులోంచి పైలట్లు నాకే ఫోను చేస్తారు, సారూ కుడికా ఎడమకా అని. ఒంటికి సబ్బు రాసుకుంటూ కూడా చెబుతాను! అలాంటి నా సున్నాకి మచ్చ తెస్తారా, ఎవడో కాలు అడ్డం పెట్టుకున్నాడని? పైగా బ్రేకులు బాగాలేవని గొణుగుళ్ళు! పెట్టండి సంతకం!"

"సారూ," అంది చెల్లెలు. "మీరు భుజం పెట్టి ఆపిన బండి ఏది?"

"ఏడో నంబరు! మామూలు బండి అనుకున్నావా, రాక్షసి అది!"

ట్రాక్టరు మామ గ్లాసు కింద పెట్టాడు.

"మా అన్నయ్య కాలు నలిపిందీ ఏడో నంబరే. బ్రేకు తొక్కినా వినలేదని ఇంతమందిలో మీ నోటితోనే అన్నారు. అంటే నెల ముందే తెలుసు మీకు."

"అబ్బే, మాటవరసకి... అది కథలో బండి అమ్మా."

"తోక కథ. ఊదడం కథ. బండి జారడం మాత్రం కథ కాదు. ఆ రోజు బ్రేకు తొక్కింది నేను. చక్రం కింద చెక్క వేసి ఆపింది అన్నయ్య. మీరు ఆఫీసులో ఉన్నారు. నేను రాసిచ్చిన రిపోర్టు నా కళ్ళముందే చింపారు. ఇంకో విమానాశ్రయంలో ఇదే రకం బండి మూడుసార్లు జారిందట, అక్కడి డ్రైవరమ్మాయి చెప్పింది. వాళ్ళు దాచలేదు, అన్ని విమానాశ్రయాలూ చూసే పట్టికలో ఎక్కించారు. జారిందని రాసిన చోటల్లా బ్రేకులు మార్చారు. మనకెవరు మారుస్తారు? మనది సున్నా కదా! ఆ సున్నా మీకు కిరీటం సారూ. మా అన్నయ్యకి అది నలిగిన కాలు."

సున్నా సారు కాగితం మడవబోయాడు. ట్రాక్టరు మామ లాక్కుని వెనక్కి తిప్పి ఆమె ముందు పరిచాడు.

"దాచినవన్నీ రాయమ్మా. రేపు ఆడిట్ వాళ్ళ చేతిలోనే పెడదాం. మొదటిది నీ బండి జారడం, రెండోది మీ అన్నయ్య కాలు. మూడోది నాది. మొన్న మంగళవారం విమానం ఇంజను కవరుకి గీత పెట్టింది నా ట్రాక్టరే. ఉద్యోగం పోతుందని నోరు కుట్టేసుకున్నాను."

"నాలుగోది నాది," అన్నాడు బల్ల చివరి లోడరు, నేలచూపులు చూస్తూ.

సున్నా సారు ఏదో చెప్పబోయాడు.

"మీరాగండి," అంది చెల్లెలు, తలెత్తకుండా రాస్తూ. "ఇవి జరిగినవి."