ముప్పై షెడ్లు, ఒక్క జ్వరమూ లేదు

యలహంకలో కడుతున్న అపార్ట్‌మెంట్ వెనక కూలీల రేకుల షెడ్లు. చివరి షెడ్డు గుమ్మంలో ఒక తల్లి. ఎదురుగా ట్యాబ్‌తో విద్యార్థిని.

"అంతర్జాతీయ ప్రజారోగ్యంలో పీజీ చేస్తున్నానక్కా."

"అంటే ఏంది మేడమ్?"

"ఏ దేశంలోనైనా జబ్బు ఎక్కడ మొదలైందో పట్టుకునే చదువు. ఈ రెండు వారాల్లో మీ పిల్లలకి జ్వరమొచ్చిందా?"

"లేదు."

"ముప్పై షెడ్లలోనూ ఇదే మాట. మరి ఇక్కడి మందుల షాపులో జ్వరం సిరప్ అంతా ఎవరు కొన్నారు?"

"పోలీసోళ్ల మాదిరి అడుగుతాండావే!"

"చెప్పక్కా."

"జ్వరమని నోరిప్పితే షెడ్డు ఖాళీ చేపిస్తానన్నాడు మేస్త్రీ."

"ఇందులో ఎవరి పేరూ రాయం."

"అయితే రాసుకో. నాలుగు దినాలుగా మా పాప ఒళ్లు కాలిపోతాండాది. పొద్దున్నించీ కండ్లు తెరవలే."

"లోపలే ఉందా?"

"ఉండాది. పేరే రాయకపోతే దాని కోసం ఎవరొస్తారు మేడమ్?"

"నేనొస్తా. ఆటో పిలుస్తున్నా, ఆసుపత్రికి పోదాం. పేరు చెప్పు."

"మేస్త్రీ చూస్తే?"

"అందరూ నోరిప్పితే ముప్పై షెడ్లూ ఖాళీ చేయిస్తాడా? చేయిస్తే రేపు స్లాబు ఎవరు పోస్తారక్కా?"

"దాని పేరు వర్షిణి. ఆటో పెద్దది పిలు పాపా, పక్క షెడ్లో ఇంకా ఇద్దరుండారు."