రిపోర్టులో రాసిన మాట

“ఆ సంచీ ఇటివ్వండి బాబూ.”

“ఇవ్వను.”

“మాంసంలో ఏం కలిపారు?”

“ఏం కలిపితే మీకెందుకు? అది తినాలి. నా కళ్ళముందు గిలగిలా కొట్టుకుని చావాలి. దాని గోళ్ళు పీకి తీసుకెళ్ళి మా అమ్మ ముందు పెట్టాలి.”

అడవి పక్కన కాటేజీలు. దారికి అడ్డంగా నిలబడిన ఆవిడ అక్కడి గార్డు. సంచీతో వచ్చినవాడు వెల్డరు. నెల కిందట అతని తమ్ముణ్ణి ఇక్కడే, అన్నదమ్ములిద్దరూ దిగిన గుడారంలో, ఎలుగుబంటి చంపింది.

“విషం పెడితే అదొక్కటే తింటుందా? నక్కలు తింటాయి, కుక్కలు తింటాయి. కాటేజీల్లో పిల్లలున్నారు.”

“మా వాడు పిల్లాడు కాదా? ఇరవై రెండేళ్ళమ్మా. నేను పని నేర్పాను వాడికి. నెల్నాళ్ళయింది, షాపులో వాడి వెల్డింగు మాస్కు ఇంకా మేకుకే వేలాడుతోంది. చూస్తే నా ఒళ్ళు మండిపోతోంది.”

“వచ్చినరోజు మీకు నేను మొదట చెప్పిందేమిటి?”

“మళ్ళీ పాఠమా?”

“చెప్పండి.”

“తిండి గుడారంలో ఉంచుకోవద్దు, ఇనప్పెట్టెలో పెట్టి గొళ్ళెం వెయ్యాలి. ఎలుగు ఎదురైతే పరిగెత్తొద్దు, మెల్లగా వెనక్కి నడవాలి. అంతా గుర్తుంది. వాడే వినలేదు.”

“వినలేదా?”

“వినలేదు. చిన్నప్పట్నుంచీ అంతే. మాంసం గిన్నె వాడే తన పక్క కింద పెట్టుకున్నాడని రిపోర్టులో మీరే రాశారుగా.”

“రాశాను. నిజానికి అక్కడ ఎవరు పెట్టారు?”

“వాడే. ఇంకెవరు? వాన పడుతోంది. ఇనప్పెట్టె ఎక్కడో గేటు దగ్గర. ఒక్క గిన్నె కోసం అంతదూరం ఎవడు తడుస్తాడు?”

“ఎవరన్నారు ఆ మాట?”

“వాడే... వాడే అన్నాడు. నాకు గుర్తులేదు. ఏమిటమ్మా ఈ అడ్డప్రశ్నలు? తెల్లారి నేను కుళాయి దగ్గరికెళ్ళి వచ్చేలోపు చంపేసింది అది. దాన్ని వదిలేసి నన్ను పట్టుకున్నారేమిటి? తప్పుకోండి.”

“తప్పుకోను.”

“మీ తమ్ముడైతే తెలిసేది.”

“మీరు జీపు కోసం పరిగెత్తారు. అప్పుడు అతని తల నా ఒళ్ళో ఉంది.”

“తెలుసు. నేనొచ్చేసరికే పోయాడు.”

“పోయేముందు మాట్లాడాడు.”

“మాట్లాడాడా? నెల్నాళ్ళనుంచి చెప్పలేదేం?”

“చెప్పనని మాటిచ్చాను. ఇవాళ మీరు ఈ సంచీతో రాకపోతే ఎప్పటికీ చెప్పేదాన్ని కాదు.”

“ఏమన్నాడమ్మా?”

“‘గిన్నె నేనే పెట్టానని రాయండి గార్డమ్మా. అన్నయ్య పెట్టాడని రాస్తే అన్నయ్య బతకలేడు’ అన్నాడు.”