నీలం బాల్కనీ ఇల్లు

హలో… ఆ, నేనే, పిన్నినే. ఎక్కడున్నావ్? నీకు పోసిన టీ చల్లారిపోయింది…

ఏంటి? వినపడట్లేదు, కుట్టు మిషన్ ఆపనీ… ఆ, ఇప్పుడు చెప్పు.

నేల కూలడమేంటి? ఏ నేల?

అమ్మలూ, ఏడవకు. ఒక్కటి చెప్పు, ఏ ఇంట్లో ఉన్నావ్… నీలం బాల్కనీ… తలుపుకి అడ్డంగా చెక్కలు కొట్టి, ఎర్ర రంగుతో ఇంటూ మార్కు వేసిందేనా?

…సందు చేసుకుని దూరావు. పైనుంచి వీధి ఫోటో తీద్దామని. సరే… తిట్టను. ఇప్పుడు తిట్టను. దెబ్బలేమైనా… పిక్క గీసుకుపోయింది, అంతేనా? కదలకు. కెమెరా జోలికీ వెళ్ళకు. నేను బయల్దేరాను, మెట్లు దిగుతున్నా. ఫోన్ పెట్టెయ్యకు.

ఎన్నో అంతస్తు… రెండోది. మెట్లకీ నీకూ మధ్య కన్నం… మంచమంత… కింది గది కనిపిస్తోందా? అటు చూడకు. గోడకి ఆనుకో.

—వడ్రంగి బాబాయ్, ఆ పని వదిలెయ్, లే. మా అక్క కూతురు నీలం బాల్కనీ ఇంట్లో చిక్కుకుంది. పైన నేల కూలింది. నిచ్చెన తీసుకో, సుత్తి కూడా—

ఆ, ఉన్నాను. బాబాయి కోడలు ఫైరింజన్‌కి ఫోన్ చేస్తోంది… ఈ సందులోకి బండి రాదమ్మా, మనుషులే నడిచి రావాలి. ఎంతసేపో తెలీదు.

ఏంటా చప్పుడు? …మట్టి రాలుతోందా. —బాబాయ్, మట్టి రాలుతోందంట— …అమ్మలూ, ఆగి లాభం లేదంటున్నాడు. జాగ్రత్తగా విను. ఆ నేల వేసింది బాబాయి వాళ్ళ నాన్నే, ఈయనకి దాని సంగతి తెలుసు.

చెక్కల మీద మేకుల తలలు వరసగా కనిపిస్తున్నాయా, తుప్పు చుక్కల్లా? …గోడ పక్కనే ఉన్న వరస. దాని కింద దూలం ఉంటుంది. మిగతా చోటంతా ఉత్త చెక్కే. ఆ వరస వెనక గదిలోకి పోతోందా… పోతోంది. అక్కడ కిటికీ ఉంది, దానవతల పక్కింటి డాబా. మేం అక్కడికొస్తాం. ఫోన్ స్పీకర్‌లో పెట్టి జేబులో వేసుకో. నిలబడకు, పాకు. మోకాలైనా, చెయ్యైనా మేకుల మీదే ఆనాలి.

…మాట్లాడుతూనే ఉంటాను. పక్కింటి మెట్లెక్కుతున్నా, అందుకే ఆయాసం.

ఏం మాట్లాడను… నిన్న అడిగావే, ఈ వీధిలో అందరూ నడిమధ్యనే నడుస్తారు, ఎంత దర్జా అని. దర్జా కాదే. ఈ పాత ఇళ్ళ చూరు కింద నడవాలంటే భయం. నాలుగు నెలల క్రితం రొట్టెల షాపాయన మీద ఇటుకలు పడ్డాయి… బతికాడు. భుజం విరిగింది. నువ్వు పాకు.

బొమ్మల పుస్తకంలా ఉంది పిన్నీ అన్నావ్ కదా. ఆ మాటకి పొంగిపోయి నోరు మూసుకున్నాను. నువ్వు తలెత్తి కిటికీలు చూస్తావ్, మేం తలెత్తి పగుళ్ళు చూస్తాం… ఎంత దూరం వచ్చావ్? గుమ్మం దాటావా? …మంచిది.

ఇంకా చెప్పనా? నీ మంచం పక్కన క్యాలెండర్ ఉందే, దాని వెనకా పగులుంది. గోడ కదిలితే తెలుస్తుందని దాని మీద కాగితం అంటించాను. నువ్వొచ్చే ముందు రోజు అది చిరిగింది. క్యాలెండర్ తగిలించేశాను… అవును. ఆ గోడ పక్కనే నిన్ను పడుకోబెట్టాను.

తిట్టు. ఇవతలకొచ్చి తిట్టు.

మీ అమ్మకీ చెప్పలేదు. చెబితే మా ఇంటికి వచ్చెయ్ అంటుంది. ఇరవై రెండేళ్ళుగా ఇక్కడ కుడుతున్నాను. ఈ వీధిలో ఎవరి చొక్కా కొలతైనా నిద్రలో లేపి అడిగినా చెప్తాను. ఇంకో ఊళ్ళో నేనెవరు చెప్పు…

ఏమైంది? …అమ్మలూ? …ఏంటా మోత, అమ్మలూ, పలుకు… ఒక్క మాట… దగ్గు వినిపిస్తోంది, నువ్వేనా…

హమ్మయ్య. నువ్వు దాటొచ్చిన ముందు గది పోయింది, అంతే. నువ్వున్నావు. మేకుల మీదే ఉన్నావా? …లేదు, వెనక్కి చూడకు. ముందుకే పాకు. ఇంకెంత… రెండు బారలు. బాబాయి డాబా మీదే ఉన్నాడు, నేనూ ఇక్కడే.

తెరుచుకోవట్లేదా? రంగు పట్టేసుంటుంది, గుంజకు. మొహం అటు తిప్పి కళ్ళు మూసుకో. బాబాయి అద్దం పగలగొడుతున్నాడు… అయిపోయింది. అంచుకి నా చున్నీ చుడుతున్నా, గాజు గుచ్చుకోదు.

కనిపించావు… మొహమంతా సున్నమే. రా తల్లీ.

…ఏంటీ? నేనూ మీ ఇంటికి వస్తానంటేనే కదులుతావా? ఇదా బేరమాడే చోటు… సరే. వస్తాను. ఈ రాత్రి బస్సుకే, నీతోనే. మిషన్ సంగతి తర్వాత చూసుకుందాం. వస్తానన్నాను కదే, కదులు.

ఫోన్ వదిలెయ్ ఇంక. నేనూ పెట్టేస్తున్నా. రెండు చేతులూ ఇటివ్వు—