పదమూడో పాఠం కుట్లు విప్పిన టీచరు గారు

సరిగ్గా ముప్పై మూడు సంవత్సరాల క్రితం, జూన్ పన్నెండో తేదీ సోమవారం ఉదయం తొమ్మిది గంటల పది నిమిషాలకు, క్రైస్తవ సంఘం నడిపే మా పాఠశాల హాజరు పుస్తకంలో జీవశాస్త్ర ఉపాధ్యాయినిగా టీచరు గారు తమ తొలి సంతకం చేశారు. ఆనాటి ప్రధానోపాధ్యాయిని గారు వారి చేతికి అందించినవి నాలుగు వస్తువులు: ప్రయోగశాల తాళంచెవి, సుద్దముక్కల పెట్టె, ఒక తెల్లదారపు ఉండ, ఒక సూది. మొదటి రెండూ ఎందుకో ఎవరికైనా తెలుసు. తక్కిన రెండింటి సంగతి చెబితేనే గానీ టీచరు గారి ఉద్యోగ జీవితం అర్థం కాదు.

ఆ రోజుల్లో జీవశాస్త్రం పుస్తకాలు బడివే. మొత్తం నలభై రెండు. పీరియడు మొదట్లో పిల్లలకు ఇచ్చి, చివర్లో తిరిగి తీసుకుని, బీరువాలో పెట్టి తాళం వేసేవారు. ఏటా జూన్‌లో ఆ పుస్తకాలన్నిటిలోనూ పదమూడో పాఠాన్ని, అంటే జీవపరిణామం గురించిన పద్దెనిమిది పేజీలను, అంచు వెంబడి కలిపి కుట్టేయడం జీవశాస్త్రం టీచరు బాధ్యత. ఆరు దినాల్లో సృష్టి ముగిసిందని బైబిలులోని ఆదికాండం బోధిస్తుండగా, ప్రాణులు కోట్ల ఏళ్లపాటు మారుతూ వచ్చాయని చెప్పే పాఠం సంఘం పిల్లల కంట పడకూడదని పాఠశాల కమిటీ తీర్మానించింది. కమిటీ అధ్యక్షులు పాస్టరు గారు. వారే టీచరు గారి తండ్రి.

టీచరు గారు కళాశాలలో ఆ విషయం చదివినవారే, పరీక్ష రాసి నెగ్గినవారే. అయినా తండ్రి మాట మీద గౌరవంతోనూ, తమ సొంత విశ్వాసంతోనూ ఆ పని మనస్ఫూర్తిగా చేసేవారు. వారి కుట్టు చీమల బారులా సన్నగా, తిన్నగా ఉండేది. పిల్లలు చాటుగా "సూది టీచర్" అనేవారు. పబ్లిక్ పరీక్షలో పదమూడో పాఠం నుంచి ప్రశ్న వస్తే, మా బడి పిల్లలందరూ ఆ నంబరు వేసి, కింద ఖాళీ వదిలి ముందుకు వెళ్లేవారు.

ప్రయోగశాల మీకందరికీ తెలిసిన గదే. ఎండ పడని ఉత్తరపు కిటికీలు, ఫార్మలిన్ వాసన, గాజు సీసాల్లో కళ్లు తెరుచుకునే ఉన్న చేపలు, మూలన కొక్కేనికి వేలాడే అస్థిపంజరం. గాలి ఆడని రోజున కూడా దాని వేళ్లు ఒకదానికొకటి తగిలి టకటకమంటాయి. కొత్తవాళ్లు ఉలిక్కిపడతారు, పాతవాళ్లు విననట్టు ఊరుకుంటారు. టీచరు గారు మాత్రం "ఊరుకోవయ్యా, పాఠం జరుగుతోంది" అని దాన్ని మందలించేవారు.

వారి సర్వీసులో మూడో సంవత్సరం, నవంబరు నెలలో ఒక మధ్యాహ్నం, పుస్తకాలు తిరిగి తీసుకుంటుండగా పంతొమ్మిదో నంబరు పుస్తకం వారి చేతిలో పదమూడో పాఠం దగ్గర తెరుచుకుంది. కుట్టు లేదు. దారం పేజీల మధ్యన పడి ఉంది. ఆ రోజు ఆ పుస్తకం వెల్డరు గారి అమ్మాయి దగ్గర ఉంది. అంతకు ముందు వారమే బైబిలు చెప్పే వేదపాఠం తరగతిలో లేచి, దేవుడు సూర్యుణ్ణి చేసింది నాలుగో రోజున అయితే మొదటి మూడు రోజులనూ రోజులని ఎలా లెక్కపెట్టారని అడిగి చివాట్లు తిన్న పిల్ల. అనుమానం ఇంకెక్కడికీ పోవలసిన అవసరం లేకపోయింది.

"ఎందుకు విప్పావు?"

"నేను విప్పలేదు టీచర్."

"మరి దానంతటది ఊడిందా?"

"అవును టీచర్. నా చేతులు బల్ల కిందే ఉన్నాయి. ఒక్కో కుట్టూ జారి బయటికొచ్చింది. నేను చూస్తూనే ఉన్నాను."

తరగతి గొల్లుమంది. ముందు బెంచీలోంచి ఎవరో, "కథలు అల్లేదానికి కుట్లు విప్పడం ఎంతసేపు టీచర్!" అన్నారు.

టీచరు గారికి కోపం వచ్చింది. "నిజం చెప్పేదాకా ఈ గుమ్మం తొక్కకు" అన్నారు.

ఆ అమ్మాయి తొక్కలేదు. మర్నాడు రాలేదు. ఆ వారమంతా రాలేదు.

టీచరు గారు పంతొమ్మిదో పుస్తకాన్ని జంట దారంతో మళ్లీ కుట్టి, నలభై రెండింటిలోనూ అట్టడుగున పెట్టి తాళం వేశారు. సోమవారం ఉదయం బీరువా తీసేసరికి ఆ పుస్తకం అన్నిటికన్నా పైన ఉంది. తెరిచి ఉంది. అప్పుడు గానీ వారు దారాన్ని చేతిలోకి తీసుకుని చూడలేదు. రెండు కొసలా ముడులు వేసినవి వేసినట్టే ఉన్నాయి. కాగితం ఎక్కడా చిరగలేదు. ముడి పడ్డ దారం చిరగని కాగితంలోంచి ఎలా వస్తుంది? చిన్ననాటి నుంచి సూది పట్టిన చేతులు కాబట్టి, అది మనుషులు చేసే పని కాదని ఆ చేతులకే ముందు తెలిసింది. 

గది ఊడ్చే ఆయమ్మను పిలిచి అడిగారు.

"నాకేం తెలుసు టీచరమ్మా! తాళంచెవి మీ సంచీలోనే ఉంది కదా."

"ఎవరైనా లోపలికి వచ్చారేమోనని..."

"వచ్చింది మనిషైతే గాజు సీసాలు ఎత్తుకుపోతాడు. దెయ్యమైతే దానికి చదువెందుకు? పరీక్ష రాయాలా ఏం?" అని ఆయమ్మ నవ్వబోయి, బీరువా వైపు చూసి నవ్వడం మానేసింది. చీపురు అక్కడే వదిలేసి వెళ్లింది. ఆ తర్వాత ఆమె ఆ గదిని గుమ్మం దగ్గర నిలబడి ఎంత దూరం చీపురు అందితే అంత దూరమే ఊడ్చేది.

పాస్టరు గారికి చెబితే, ఇది శోధన, సాతాను పెట్టే పరీక్ష అన్నారు. ఆ సాయంత్రమే వచ్చి బీరువా ముందు నిలబడి ప్రార్థన మొదలుపెట్టారు. వారి ప్రార్థనలు దీర్ఘమైనవని సంఘంలో పెద్ద పేరు. అది సగానికైనా రాకముందే బీరువా లోపలి నుంచి సన్నగా ఒక చప్పుడు వచ్చింది. కాగితంలోంచి దారం లాగుతున్న చప్పుడు, కుట్టు తర్వాత కుట్టు, తొందర లేకుండా. పాస్టరు గారు వెంటనే "ఆమెన్" అనేశారు. కూతురి ముఖం చూడకుండా, గొడుగు కూడా తీసుకోకుండా వెళ్లిపోయారు.

టీచరు గారు కాసేపు అక్కడే నిలబడ్డారు. వారిని పట్టుకున్నది భయం కన్నా వేరొకటి. నిజం చెప్పిన పిల్ల తమ మూలంగా ఇంట్లో కూర్చుంది. తొమ్మిది రోజులైంది. అటు నుంచి అటే వెల్డరు గారి దుకాణానికి వెళ్లారు.

అమ్మాయి ఇనుప గేటుకు ఉప్పుకాగితం రుద్దుతోంది. తల ఎత్తలేదు. తండ్రి నల్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని స్టూలు వేశాడు.

"మా పిల్లకి నోరెక్కువ టీచర్ గారూ, ఒప్పుకుంటాను. కానీ అబద్ధం మాత్రం ఆ నోట రాదు. వస్తే కొంచెం సుఖపడేది."

"తప్పు నాదేనండీ" అన్నారు టీచరు గారు. అమ్మాయి వైపు తిరిగి, "నువ్వు చూసింది నిజమేనమ్మా. రేపు బడికి రా" అన్నారు.

"ఆ పుస్తకమే ఇస్తారా టీచర్?"

"ఇస్తాను."

"మళ్లీ కుట్టేసి ఇస్తారా?"

టీచరు గారు సూది పట్టే తమ వేళ్ల వైపు చూసుకున్నారు.

"అలా అయితే రాను" అంది అమ్మాయి. "లోపల ఏముందో ఒక్కరికీ తెలియదు. అయినా నేను దొంగనయ్యాను. మీరే విప్పి ఆ పాఠం చెప్పండి, వస్తాను. లేకపోతే ఎప్పటికీ నేనే విప్పానంటారు."

ఆ రాత్రి భోజనాల దగ్గర టీచరు గారు తండ్రితో, పదమూడో పాఠం చెప్పబోతున్నానని చెప్పారు.

"చెబితే కమిటీ నిన్ను తీసేస్తుంది. కమిటీ అంటే ఎవరో తెలుసా?"

"తెలుసు నాన్నగారూ. ఎదురుగా కూర్చుని తింటున్నారు."

"వేళాకోళమా తల్లీ? నా చేత్తో నా బిడ్డని తీసేయమంటావా?"

"ఆ పిల్ల అబద్ధమాడిందని నలభై మంది ముందు అన్నాను నాన్నగారూ. ఆ మాట ఆ నలభై మంది ముందే వెనక్కి తీసుకోవాలి. నాకు వేరే దారి కనబడటం లేదు."

పాస్టరు గారు కంచం పక్కకు జరిపారు. "అయితే ముందు రాజీనామా రాసి బల్ల మీద పెట్టు. ఆ తర్వాత చెప్పు."

గురువారం రెండో పీరియడు. బల్ల మీద నాలుగు వరుసల రాజీనామా కాగితం, పక్కన బైబిలు, దాని పక్కన కుట్లు విప్పిన పాఠ్యపుస్తకం. వెల్డరు గారి అమ్మాయి తన చోట్లో కూర్చుంది. ఆఖరి బెంచీలో, పిల్లల పక్కన మోకాళ్లు ముడుచుకుని, పాస్టరు గారు కూర్చున్నారు. ఆ రోజు అస్థిపంజరం వేళ్లు చప్పుడు చేయలేదు.

టీచరు గారు మొదట అమ్మాయిని క్షమాపణ అడిగారు. తర్వాత పాఠాన్ని ఉన్నదున్నట్టు చెప్పారు. సముద్రం అడుగున మెత్తటి ప్రాణులు, వాటి మీద మట్టి, మట్టి మీద మట్టి, రాయిగా మారిన గవ్వలు, ఇప్పుడు ఎక్కడా లేని జంతువుల ఎముకలు. అంతా అయ్యాక, "ఇదంతా దేవుడు చేశాడని నేను నమ్ముతాను. ఎంతకాలం పట్టిందో రాళ్లను అడిగితే చెబుతున్నాయి. ఎందుకు చేశాడో వాటిని అడిగి లాభం లేదు. ఆరు రోజులే అని మీ ఇంట్లో చెబితే వారితో పోట్లాడకండి. పరీక్షలో మాత్రం పాఠంలో ఉన్నది రాయండి" అన్నారు. "ప్రశ్నలున్నాయా?"

ఆఖరి బెంచీలో ఒక చెయ్యి లేచింది. తెల్ల వెంట్రుకల చెయ్యి.

"టీచరు గారూ" అన్నారు పాస్టరు గారు. కూతురిని వారు అలా పిలవడం అదే మొదటిసారి. "ఇన్ని ప్రాణులు ఇంతకాలం ఆ చీకట్లో పడి ఉన్నాయంటున్నారు. మనిషన్నవాడు లేడు, పేరు పెట్టినవాడు లేడు. దేవుడు వాటిని మరచిపోయాడంటారా?"

పిల్లలంతా వెనక్కి తిరిగారు. సీసాల్లో చేపలు కూడా అటే చూస్తున్నట్టనిపించిందని ఆనాటి విద్యార్థులు ఇప్పటికీ చెబుతారు.

"లేదు నాన్నగారూ. ఒక్కదాన్ని కూడా."

పాస్టరు గారు లేచి వచ్చి, రాజీనామా కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి కోటు జేబులో వేసుకున్నారు. ఆ కాగితం మళ్లీ ఎవరికీ కనబడలేదు. వారు తమ అభిప్రాయం మార్చుకోలేదు. ఆరు దినాలంటే ఆరు దినాలే అని చివరి వరకు భోజనాల దగ్గర వాదిస్తూనే ఉన్నారు. కానీ పుస్తకాలు కుట్టమని మరి ఎన్నడూ అనలేదు. బీరువాలో మళ్లీ ఆ చప్పుడూ రాలేదు. ఆ సంవత్సరం పబ్లిక్ పరీక్షలో పదమూడో పాఠం ప్రశ్నకు మా బడి నుంచి నలభై ఒక్క మంది జవాబు రాశారు. మిగిలిన ఒక్కరికి ఆ రోజు జ్వరం.

ఎనిమిదో సంవత్సరం నుంచి వేదపాఠం బాధ్యతను కూడా టీచరు గారే స్వీకరించారు. సృష్టి గురించి విశ్వాసులలోనే ఎన్ని రకాల అభిప్రాయాలున్నాయో ఓపికగా వివరించి, ఏ పక్షం రాసిన పిల్లలకైనా సమంగా మార్కులు వేసేవారు. పదిహేడో సంవత్సరంలో ఉప ప్రధానోపాధ్యాయినిగా పదోన్నతి పొందారు. అయినా పదమూడో పాఠాన్ని వేరొకరికి వదిలిపెట్టలేదు.

పాస్టరు గారు మంచాన పడింది టీచరు గారి సర్వీసులో పద్నాలుగో ఏట. ఒక మధ్యాహ్నం ఆస్పత్రి గదిలో, "నిద్ర పట్టడం లేదు తల్లీ. ఆ నీ పాఠం చెప్పు" అని అడిగారు. టీచరు గారు సముద్రం అడుగు నుంచి మొదలుపెట్టారు. వారు కళ్లు మూసుకుని విన్నారు. మొదటి ప్రాణి నీటిలోంచి తల ఎత్తి, బురద మీద ముందుకాళ్లు మోపిన చోట టీచరు గారు కాస్త ఆగారు. "తర్వాత?" అన్నారు పాస్టరు గారు. అదే వారి ఆఖరి మాట.

అప్పటి నుంచి తరగతిలో ఆ చోటుకు వచ్చినప్పుడల్లా టీచరు గారు ఆగుతారు. పది లెక్కపెట్టేంతసేపు. ఆ పాఠం విన్న ప్రతి బ్యాచికీ ఒక నియమం తెలుసు: ఆ కాసేపూ ఎవరూ బెంచీ కదపకూడదు, దగ్గకూడదు. అప్పుడు గదిలో ఊపిరి చప్పుడు హాజరు పట్టీ కన్నా ఒకటి ఎక్కువ వినబడుతుంది. ఆఖరి బెంచీ వైపు ఎవరూ తిరిగి చూడరు. టీచరు గారు మాత్రం అటే చూస్తారు. ఆ తర్వాత, ఎవరో అడిగితే బదులిస్తున్నట్టు, ఎంతో ప్రేమగా పాఠం అందుకుంటారు. ఈ ఫిబ్రవరిలో, తమ సర్వీసులో ఆఖరిసారి ఆ పాఠం చెప్పినప్పుడు, వారు పది కాదు, చాలాసేపు ఆగారు. గంట కొట్టినా ఎవరమూ లేవలేదు.

ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్న మన టీచరు గారికి ఆ సృష్టికర్త సంపూర్ణ ఆరోగ్యాన్ని, చెదరని కంటిచూపును, నిండు నూరేళ్ల ఆయుష్షును ప్రసాదించాలని సహోద్యోగులు, విద్యార్థులు, కుటుంబ సభ్యులందరి తరఫున ప్రార్థిస్తున్నాం. వారు ఏ ఇంటి వరండాలో కూర్చున్నా, పక్కన ఒక కుర్చీ ఖాళీగా ఉండుగాక. అందులోంచి "తర్వాత?" అని వినబడిన ప్రతిసారీ, చెప్పడానికి వారికి ఇంకా ఎన్నో ఏళ్లు మిగిలి ఉండుగాక.