పెద్ద మాగ్నమ్

కాస్త ఆగండి, ఈ ఇద్దరి మాటలూ వినండి. ఇర్వింగ్‌లో తుపాకుల షాపు, గోడ అవతలే షూటింగ్ రేంజ్. కౌంటర్ దగ్గర బావా, బావమరిదీ. రేపే జింకల వేట.

"బావా, సెవెన్ ఎంఎం మాగ్నమ్ తూటాలు వద్దు. త్రీ హండ్రెడ్ మాగ్నమ్ తీసుకుందాం. రెండిటికీ సరిపోయే గన్‌లు నీ దగ్గర ఉన్నాయిగా! దీనికి పవర్ ఎక్కువ, తగిలితే జింక అక్కడే పడుద్ది."

"పోయిన వారం కూడా తగిలింది కదరా. పడిందా?"

"అందుకేగా పెద్దది అడుగుతున్నా!"

"అది నీళ్ల గుంట పక్కన దొరికింది. బతికే ఉంది. దవడ ఎగిరిపోయింది, నీళ్లు తాగలేకపోయింది. నేనే ముగించాల్సొచ్చింది."

"నాకు చెప్పలేదేం? నొప్పి తెలీకుండా పోయిందని మా పాపకి చెప్పేశానే!"

"ఇందాక రేంజ్‌లో నీకు తెలీకుండా మందు లేని తూటా ఒకటి కలిపాను."

"ఆ టిక్కుమన్నదా?"

"అదే. పేలకపోయినా నువ్వు కళ్లు మూసుకున్నావు, గన్ గొట్టం కిందికి వాలింది. గన్ వెనక్కి తన్నకముందే జడుస్తున్నావురా, గురి తప్పేది అందుకే. పెద్దది భుజాన్ని ఇంకా గట్టిగా తంతుంది. మాగ్నమే వద్దు, చిన్న తూటా తీసుకో, దాని గన్ కూడా నా దగ్గరుంది."

"పిల్లల గన్ అని నవ్వుతారు బావా! ఆఫీస్‌లో అందరికీ చెప్పేశాను. రేపు కళ్లు తెరిచే కాలుస్తాలే, ప్రామిస్. గన్ ఇస్తావుగా?"

పెద్ద మాగ్నమ్ తూటాల పెట్టె అప్పటికే బిల్లు దగ్గరికి చేరింది. బావ జేబులో గన్ కేస్ తాళం తడుముకున్నాడు. ఇవ్వనంటే ఇంట్లో భార్య, "మా తమ్ముడంటే అంత లోకువా?" అంటుంది. ఇస్తే, ఆ నీళ్ల గుంట మళ్లీ కళ్ల ముందుకొస్తుంది.

మీరైతే ఆ తాళం ఇస్తారా?