అడగకుండా వేసిన ఇరవై

అక్కయ్యగారూ, అమ్మాయీ, కుర్చీలు చాలక గోడవారన నిలబడ్డ మిత్రులారా, అందరికీ నమస్కారం. మన సెకను మాస్టారు పోయి ఇవాళ్టికి రెండు వారాలు. ఈ ఇంటికే కాదు, మాకందరికీ పెద్దదిక్కు పోయింది.

బంధువుల్లో చాలామందికి ఆయన పనేమిటో తెలీదు. ఫోన్లూ కంప్యూటర్లూ 'టైమెంత?' అని అడిగితే జవాబు చెప్పే యంత్రాలను మాలాంటివాళ్లం జీతం బత్తెం లేకుండా ఇళ్లల్లో, షాపుల్లో నడుపుతాం. అవి నిజం చెబుతున్నాయా లేదా అని పది నిమిషాలకోసారి అడిగి మార్కులు వేసే ప్రోగ్రాం మాస్టారిది. నిండు మార్కులు ఇరవై. పదికి తగ్గితే, ఫోన్లు టైము అడిగే యంత్రాల జాబితాలోంచి బయటికే.

అక్కయ్యగారి తమ్ముడి యంత్రం అర సెకను తప్పితే తీసేశారు. 'నువ్వు నాకు బావమరిదివి. నీ గడియారం నాకేమీ కాదు' అన్నారట. బావమరిదిగారు అలిగి ఆర్నెల్లు ఈ గడప తొక్కలేదు. తర్వాత బాగుచేసుకుని మళ్లీ చేరారు. ఇదిగో, ముందు వరసలోనే ఉన్నారు, అడగండి.

ఇంకోసారి మాస్టారి సొంత యంత్రమే తొమ్మిదికి దిగింది. తీసేశారు. తీసేసినట్టు అందరికీ పంపే ఉత్తరాన్నే తనకు తనే పంపుకుని, క్షమించమని జవాబు కూడా రాసుకున్నారు! మేం పడీపడీ నవ్వాం. ఈయన ఉన్నంతకాలం మన మార్కులు నిజమైన మార్కులే అనుకున్నాం.

అలాంటి మనిషి నాకేం చేశారో చెప్పనివ్వండి. ఇది చెప్పే చోటు కాదంటారా? మరెక్కడ చెప్పుకోను?

నా జిరాక్స్ షాపు అటక మీది యంత్రానికి నాలుగేళ్లుగా నిండా ఇరవై. ఆ అంకెను పెద్దగా అచ్చు తీసి కౌంటరుకు అతికించుకున్నాను. ఇక ఈ మార్కుల పని నేను చూస్తానంటే, మొన్న మంగళవారం మాస్టారి అమ్మాయి ఆయన కంప్యూటర్ తెరిచి ఇచ్చింది. ప్రోగ్రాంలో నా యంత్రం పేరు పక్కన ఆయన రాసిన లైను ఒకటి ఉంది. 'దీన్ని అడగొద్దు. ఇరవై వెయ్యి. పాపం, వాళ్లావిడ ఆసుపత్రిలో ఉంది.'

నాలుగేళ్ల కిందటి మాట! మా ఆవిడ నెలలో లేచి తిరిగింది. ఆ లైను మాత్రం అలాగే ఉండిపోయింది. మర్చిపోయారా? చెప్పడానికి మొహమాటపడ్డారా? అడుగుదామంటే మనిషి లేరు.

ఆ లైను తీసేశాను. గంటలోపే నా ఇరవై కాస్తా తొమ్మిదైంది. నా గడియారం రెండు సెకన్లు వెనకుంది. ఎన్నాళ్లుగా? తెలీదు. ఎన్ని వేలమందికి తప్పు టైము చెప్పాను? అదీ తెలీదు. కొలిచినవాళ్లే లేరు.

మీరు జాలిపడ్డారు మాస్టారూ, నన్ను అబద్ధాలకోరును చేశారు. మీ బావమరిదికి ఇచ్చిన మర్యాద నాకెందుకు ఇవ్వలేదు? ఆ ఉత్తరమేదో నాకూ పంపితే మీ సొమ్మేం పోయింది? తిడదామంటే ఏడుపొస్తోంది. ఏడుద్దామంటే కోపమొస్తోంది.

నా యంత్రాన్ని నా చేత్తోనే జాబితాలోంచి తీసేశాను. తీసేసినట్టు ఉత్తరం రాసుకుని కింద మీ పేరు పెట్టాను. మీరు రాయాల్సిన ఉత్తరమే కదా. కౌంటరు మీది కాగితం ఈ ఉదయం చింపేశాను.

దయచేసి అందరూ లేవండి. మాస్టారి కోసం ఒక్క నిమిషం మౌనంగా నిలబడదాం. నిమిషం అయిందని ఆయన బావమరిదిగారు చెబుతారు. ఆయన గడియారాన్ని మాస్టారు అడిగి చూశారు. నాదాన్ని చూడలేదు.